పులితో గుట్ట ఎక్కినం: కుక్కను ట్రెకింగ్‌కు తీసుకపోయే ముందు ఇది వినండి

వెనకాల గిన్నె చప్పుడు వస్తే పట్టించుకోకండి, అది మా పులి. నీళ్లు అయిపోతే గిన్నెను మూతితో నెట్టుకుంటా నా దగ్గరికి తెస్తది. రికార్డింగ్ నడుస్తుందని దానికి తెల్వదు కదా.

పులి అంటే మా కుక్క. జాతి కుక్క కాదు, మన ఊరకుక్కే. హన్మకొండల మా గల్లీలనే పిల్లగా దొరికింది. ఒంటి మీద గీతలు గీతలు ఉంటయని మా చెల్లె పులి అని పేరు పెట్టింది. ఇప్పుడు నాలుగేండ్లు, 17 కిలోల బరువు. మీలో చాలామంది దాని రీల్స్ చూసే ఇక్కడికి వచ్చి ఉంటరు. గుట్ట మీద నిలబడి, వెనకాల సూర్యుడు, చెవులు గాలికి ఎగురుతుంటయి చూడండి, ఆ వీడియో. అది మస్తు మంది చూసిండ్రు. "అన్నా, మేం కూడ మా కుక్కను తీసుకపోతం, ఏ గుట్ట మంచిది?" అని అడుగుతున్నరు. అందుకే ఈ ఎపిసోడ్.

ఆ రీల్ తీసిన రోజే పులి చచ్చిపోయేది. ఆ ముక్క రీల్‌లో లేదు. ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు, సిగ్గనిపించింది. కానీ ఆ వీడియో చూసి ఎవరన్న ఎండలో కుక్కను తీసుకపోతే పాపం నాదే అయితది. కాబట్టి ముందు ఆ కథ చెప్తా.

పోయిన మార్చి, ఆదివారం. మా అమ్మమ్మ వాళ్ల ఊర్లో ఒక గుట్ట ఉంది. వరంగల్ చుట్టుపక్కల ఊర్లు తెలిసిన వాళ్లకు ఊహించుకోవడం కష్టం కాదు: నున్నటి గ్రానైటు బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, మధ్యల సీతాఫలం చెట్లు, బోడ గడ్డి. ఓరుగల్లు అనే పేరే ఒక్క రాయి నుంచి వచ్చింది, కోటలోని ఏకశిల గుట్ట నుంచి. మనకు సముద్రం లేదు, మంచు కొండలు లేవు, కానీ బండలకు మాత్రం కొదవ లేదు.

ఆరు గంటలకు బయల్దేరుదాం అనుకున్న. లేచేసరికి ఏడున్నర. అమ్మమ్మ టిఫిన్ తినకుండ పోనియ్యదు. ఇక ఫోన్ చార్జింగ్, అదీ ఇదీ... గుట్ట కిందికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. "మార్చే కదా, మే కాదు కదా" అనుకున్న. ఒక లీటరు బాటిల్ ఒకటి పట్టుకున్న, ఇద్దరికీ కలిపి.

ఎక్కేటప్పుడు పులి నాకంటే ముందు. మీకు తెలుసు కదా కుక్కల సంగతి, పది అడుగులు ముందుకు ఉరుకుతది, వెనక్కి వచ్చి మనల్ని చూస్తది, మళ్లీ ఉరుకుతది. మనం ఒక కిలోమీటరు నడిస్తే అది మూడు కిలోమీటర్లు నడిచినట్టే. పైకి ఎక్కినంక షూటింగ్ మొదలువెట్టిన. పులిని బండ మీద నిలబెట్టి, "ఉండు, ఉండు" అనుకుంటా ఒక టేక్, ఇంకో టేక్. నలభై నిమిషాలు. మీరు చూసిన ఆ షాట్ ఏడో టేక్. దాంట్ల పులి నోరు పెద్దగ తెరిచి ఉంటది కదా. కింద అందరు "నవ్వుతుంది, క్యూట్" అని రాసిండ్రు. అది నవ్వు కాదు. దానికి ఊపిరి ఆడుతలేదు.

దిగేటప్పుడు ఒక బండ నీడలో పోయి పండుకుంది. నేను అలిసిపోయిందనుకున్న. బెల్టు పట్టి గుంజిన. లేచింది, నాలుగడుగులు వేసింది, మళ్లీ పండుకుంది. మళ్లీ గుంజిన. ఈ మాట చెప్పుడు కష్టంగనే ఉంది, కానీ నేను రెండుసార్లు గుంజిన. మూడోసారి లేచినప్పుడు వెనక కాళ్లు తడబడ్డయి, తాగినోని లెక్క. నోట్లకెల్లి జిగటగా, తాడు లెక్క చొంగ. చిగుళ్లు ఎర్రగా ఇటుక రంగు.

అప్పుడు భయమైంది. "పులీ, పులీ" అని గట్టిగ ఒర్రిన.

కింద గొర్లు మేపుతున్న ఒక తాత ఉండె. ఆయనకు నా అరుపు ఇనబడ్డది. ఆలోచించండి, గుట్ట మీదికెల్లి ఒక పిలగాడు "పులి, పులి" అని మొత్తుకుంటుండు. తాత గొర్లను ఒక్క దగ్గరికి కొట్టుకొని, కర్ర పట్టుకొని పైకి వచ్చిండు. ఆయన ధైర్యానికి దండం పెట్టాలె. వచ్చి చూస్తే కుక్క. "ఏం పేరు పెట్టినవురా పిలగా, నా గుండె ఆగినంత పనైంది" అని ముందు తిట్టిండు. ఆ తర్వాత పులిని చూసి ఇంకేం మాట్లాడలే. దాన్ని చెట్టు నీడకు ఎత్తుకొచ్చి, ఆయన క్యాన్‌లో ఉన్న నీళ్లు కడుపు కింద, తొడల సందుల, పాదాల మీద పోసిండు. నేను నోట్లో పోయబోతే చెయ్యి కొట్టిండు. "మింగే సోయి లేదు దానికి, ఊపిరితిత్తులల్లకు పోతయి" అన్నడు. నెత్తి రుమాలు తీసి గాలి విసురుడు మొదలువెట్టిండు. నన్ను విసరమన్నడు. పది నిమిషాలైతే అది తల ఎత్తింది.

అప్పుడు స్కూటీ మీద ముందల పండబెట్టుకొని వరంగల్‌కు తెచ్చిన. డాక్టర్ దగ్గర రెండు రోజులు సెలైన్ ఎక్కించిండ్రు, రక్త పరీక్షలు చేసిండ్రు. "ఆ నీళ్లు పొయ్యకపోతే ఇక్కడిదాకా రాకపోవు" అని డాక్టర్ చెప్పిండు. బతికింది. ఇగో, ఇప్పుడు గిన్నె నెట్టుకుంటా తిరుగుతుంది.

సరే, ఇది నా కథ. ఇప్పుడు ఆ తర్వాత నేను డాక్టర్ను అడిగి, చదివి తెలుసుకున్నవి చెప్తా.

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, ఆ చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. దానికి పాదాల అడుగున తప్ప దాదాపు చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడం ఒక్కటే దాని కూలర్. ఆ రొప్పుడుకు కూడ బయటి గాలి కొంచెం చల్లగా, పొడిగా ఉండాలి. వానకాలం ఉక్కపోతలో, 30 డిగ్రీలే ఉన్నా ఆ కూలర్ సరిగ్గ పనిచెయ్యదు. మన కూలర్ కూడ జూలైల గంతే కదా.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. అంటే మనకు జ్వరం అనిపించేది దానికి మామూలు. అందుకే ముట్టుకొని చెప్పలేం. 104 దాటితే ప్రమాదం మొదలైనట్టు. ఇంకా పెరిగితే లోపల పేగులు, కిడ్నీలు, మెదడు అన్నీ దెబ్బతినుడు మొదలైతది. దీన్నే హీట్ స్ట్రోక్ అంటరు, మన మాటల్లో వడదెబ్బ.

పైగా అది నేలకు దగ్గరగ ఉంటది. మన మొఖం నేలకు ఐదడుగుల ఎత్తులో ఉంటే దాని కడుపు అడుగున్నర ఎత్తులో ఉంటది. గ్రానైటు బండ పొద్దుగాల్నుంచి తాగిన వేడినంతా కిందికెల్లి దాని మీదికి కక్కుతుంది. మనకు కాళ్లకు షూస్ ఉన్నయి. దానివి ఉట్టి పాదాలు. ఒక చిన్న పరీక్ష ఉంది: అరచేతి వెనక భాగాన్ని బండ మీద ఆనించి ఏడు సెకన్లు లెక్కపెట్టండి. ఏడు దాకా పెట్టలేకపోతే కుక్క పాదం కూడ అక్కడ పెట్టొద్దు. ఆ రోజు నేను ఏడు టేకులు తీసుకున్న కానీ, ఏడు సెకన్లు చెయ్యి పెట్టి చూడలే.

ఇంకోటి. సాయంత్రం పోతే సేఫ్ అనుకుంటరు చాలామంది. బండ పొద్దంతా కాగి ఉంటది, సూర్యుడు మునిగినా గంటలకొద్దీ వేడి విడుస్తనే ఉంటది. ఎండకాలం మన డాబా మీద రాత్రి పడుకునే ముందు నీళ్లు చల్లుతం కదా, ఎందుకు చల్లుతం? అదే. కాబట్టి తెల్లవారుజామే మంచిది. నేనిప్పుడు నవంబర్ నుంచి ఫిబ్రవరి నడిమి దాకనే గుట్టలకు పోతున్న. ఆరింటికి కింద ఉంటం, ఎనిమిదిన్నరకు దిగిపోతం. మార్చి తర్వాత బంద్. 44 డిగ్రీలు దాటే మన మేలో గుట్ట మాట మర్చిపోండి, గల్లీలో తెల్లారక ముందు ఒక రౌండు చాలు.

పగ్, షిట్జూ లాంటి మూతి చప్పిడిగా ఉన్న కుక్కలు ఉన్నోళ్లు, దయచేసి గుట్టలు వద్దు. ఏ కాలమైనా వద్దు. వాటికి ఊపిరి గొట్టమే సరిగ్గ ఉండదు, ఏసీ రూములో కూడ గురక పెడతయి. ఇక హస్కీ, సెయింట్ బెర్నార్డ్ గురించి నేనేం మాట్లాడ. వరంగల్ల హస్కీని పెంచుడే ఒక పెద్ద చర్చ, దానికి వేరే ఎపిసోడ్ కావాలె. మన ఊరకుక్కలు ఈ ఎండకు అలవాటైనయే, కానీ పులి ఊరకుక్కే. అలవాటు అంటే ఎండ తగలకపోవుడు కాదు. వీధిల ఉండే కుక్కను చూడండి, పది గంటలకల్లా ఏ లారీ కిందనో, ఏ మోరీలనో పండుకుంటది. దానికి ఇష్టమున్నప్పుడు ఆగే స్వేచ్ఛ ఉంది. బెల్టు కట్టిన కుక్కకు ఆ స్వేచ్ఛ లేదు. మనం నడుస్తున్నంతసేపు అది వస్తనే ఉంటది. అలిసిపోయిన అని చెప్పదు. మన మీద ప్రేమతోటి పడిపోయేదాకా వస్తది.

అందుకని నా రూలు ఒకటే. అది ఒక్కసారి నీడకు పోయి పండుకుంటే ఆ రోజు ట్రెక్ అయిపోయినట్టే. శిఖరం ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉన్నా సరే.

ఒకవేళ వడదెబ్బ తగిలితే? తాత చేసిందే కరెక్టు. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు కూడ ఇదే చెప్తున్నరు: ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే బండెక్కించాలి. మనం ఏం చేస్తం, టెన్షన్‌లో వెంటనే ఎత్తుకొని డాక్టర్ దగ్గరికి ఉరుకుతం. ఆ అరగంట ప్రయాణంలోనే లోపల ఉడికిపోతది. నీడకు తేవాలె, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పొయ్యాలె, గాలి విసరాలె. నీళ్లు ఐసు లెక్క ఉండాలని ఏం లేదు, దాని ఒంటి కంటే చల్లగా ఉంటే చాలు. తడి టవల్ కప్పి వదిలెయ్యొద్దు, కాసేపటికి ఆ టవలే వేడెక్కి దుప్పటి లెక్క అయితది. సోయి ఉండి అదే తాగితే తాగనియ్యండి, నోరు తెరిచి మాత్రం పొయ్యకండి. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి తప్పకుండ పోవాలె, లేచి తోక ఊపినా సరే. లోపలి దెబ్బ ఒకటి రెండు రోజులకు బయటపడుతది. మన దగ్గర మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, టౌన్‌లో ప్రైవేటు డాక్టర్లు ఉన్నరు. గుట్టకు పోయే ముందే ఒక నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ఆదివారం పొద్దుగాల ఎవరు ఎత్తుతరో ముందే అడిగి పెట్టుకోండి. ఆ రోజు నేను దారి పొడుగునా నాలుగు నంబర్లకు ఫోన్ చేసుకుంటా వచ్చిన.

నీళ్ల లెక్క: ఇప్పుడు నేను రెండు గంటల ట్రెక్‌కు మూడు లీటర్లు మోస్తున్న. ఒకటి నాకు, ఒకటి పులి తాగనీకి, ఇంకొకటి ముట్టుకోం. అది ఒంటి మీద పొయ్యడానికే. తిరిగొచ్చేటప్పుడు మిగిలితే ఏ చెట్టుకో పోస్తం.

సరే, ఇప్పుడు అందరు అడిగే ప్రశ్న: ఏ గుట్ట?

మొదట ఎక్కడికి పోవద్దో చెప్తా. పాకాల. నాక్కూడ పాకాల అంటే ప్రాణం. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువు అది. మూడు దిక్కుల గుట్టలు, ఒక దిక్కు కట్ట. ఆ కట్ట మీద కుక్కతోటి నడిస్తే ఎట్లుంటదో అని నేను మస్తుసార్లు అనుకున్న. కానీ అది వన్యప్రాణి అభయారణ్యం. ఏటూరునాగారం కూడ అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ఎవరు పోవాలి, ఏ పనికి పోవాలి అనేది అటవీ అధికారుల పర్మిషన్ మీద ఉంటుంది. ఆ పర్మిషన్ మనకు ఇస్తరు, మన కుక్కకు కాదు.

"ఊర్లోల్ల కుక్కలు తిరుగుతనే ఉన్నయి కదా అన్నా" అంటరు. తిరుగుతున్నయి, నిజమే. దాంతోనే సమస్య కూడ ఉంది. కుక్క మొరిగితే దుప్పి పరుగెత్తుతది, అది మనకు కనబడుతది. కనబడనిది రోగం. కుక్కలకు డిస్టెంపర్ అని ఒక వైరస్ వస్తుంది, మనం టీకా వేయించేది దానికే. అది అడవి జంతువులకు అంటుకుంటే ఏమైతదో 2018లో గుజరాత్ గిర్ అడవిలో చూసినం. కొన్ని వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోయినయి, వాటిల్లో కొన్నిటికి ఈ వైరస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఇదే వైరస్‌కు దాదాపు మూడో వంతు సింహాలు పోయినయి, అక్కడ అది ఊరి కుక్కల నుంచి వచ్చిందని సైంటిస్టులు అనుకున్నరు. మన అడవుల్లో సింహాలు లేవు, కానీ రేసుకుక్కలు, చిరుతలు ఉన్నయి. రేసుకుక్క మన పులికి చుట్టమే, ఒకరి రోగం ఒకరికి తేలిగ్గ అంటుకుంటది. వెనక్కి కూడ అంతే. అడవిల ఎలుగుబంటి ఉంటది, చెరువుల మొసలి ఉంటది. బెల్టు వదిలిన కుక్క ఎలుగుబంటిని చూసి మొరిగి, భయమైతే ఎక్కడికి ఉరుకుతది? మీ దగ్గరికే. దాని వెనకాల ఎవరొస్తరో చెప్పనక్కర లేదు.

కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప కూడ వద్దు. ఇవి పురావస్తు శాఖ కింద ఉన్నయి. 1959 నాటి నిబంధనల్లోనే రక్షిత కట్టడాల్లోకి జంతువులను తేవద్దని ఉంది. కోటలో మేకలు తోరణాల పక్కనే మేస్తుంటయి, అది వేరే విషయం. వాటికి చదువు రాదు, మనకు వచ్చు.

పద్మాక్షి గుట్ట, మడికొండ మెట్టుగుట్ట, గోవిందరాజుల గుట్ట ఇవన్నీ గుడి ఉన్న గుట్టలు. మెట్ల మీద భక్తులుంటరు, కుక్క అంటే భయపడే ముసలోళ్లు, పిల్లలు ఉంటరు. కోతుల గుంపు ఉంటే మీ కుక్క వాటి మీదికి పోతది, ఓడిపోయేది మీ కుక్కనే. కాలభైరవుని వాహనం కుక్కనే కదా అని మా ఫ్రెండ్ ఒకడు వాదిస్తడు. నిజమే రా, కానీ అది భైరవునితో వస్తది, నీతో వస్తే పూజారి ఊకోడు.

భారతంలో కూడ ఉంది కదా. కుక్కతోటి ట్రెకింగ్ చేసినోళ్లల్ల ఫస్ట్ ధర్మరాజే. చివరి ప్రయాణంలో తమ్ముళ్లు, ద్రౌపది అందరు దారిలో పడిపోతే, వెంట చివరిదాకా వచ్చింది కుక్క. స్వర్గం దాకా పోయి, కుక్కను వదిలేసి రమ్మంటే రానన్నడు. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్తే ఎంత మంచి రాజు అనుకున్న. మార్చి తర్వాత ఆ కథ గుర్తొస్తే వేరే తీరుగ అనిపిస్తుంది. ఆయన కుక్క కోసం స్వర్గం ముందు ఆగిండు. నేను ఒక రీల్ కోసం కూడ ఆగలే.

మరి ఎక్కడికి పోవాలె? ఊరి గుట్టలు. మీ అమ్మమ్మ ఊరో, ఫ్రెండ్ ఊరో, తెలిసినోళ్లు ఉన్న ఊరు. ఆ గుట్ట అటవీ శాఖదా, ఊరిదా, పట్టాదా అని ఊర్లో అడగండి, అందరికీ తెలుసు. అటవీ శాఖదైతే బీట్ ఆఫీసర్‌ను అడగండి, వద్దంటే వేరేది చూస్కోండి. క్వారీ నడిచే గుట్ట అయితే అసలు వద్దు. బ్లాస్టింగ్ చప్పుడుకు కుక్క బెల్టు తెంపుకొని పోతది. పాత క్వారీ గుంతల నిండా నీళ్లు ఉంటయి, అంచులు నిలువుగా ఉంటయి, దూకిన కుక్క మళ్లీ పైకి ఎక్కలేదు. దాన్ని తీయబోయి మనుషులు కూడ మునుగుతరు.

గొర్ల మంద ఎదురైతే మీరే పక్కకు జరగాలె. బెల్టు చేతికి రెండు చుట్లు చుట్టి, మంద పోయేదాకా నిలబడండి. ఒక్క గొర్రె బెదిరిందంటే మొత్తం మంద చెల్లాచెదురైతది, ఒకటి బండ మీదికెల్లి జారి కాలు విరిగితే ఆ కాపరికి వేల రూపాయల నష్టం. మంద వెంట వాళ్ల కుక్కలు కూడ ఉంటయి, వాటికి ఆ గుట్ట వాటిదే. మీ పగ్‌కు ఇన్‌స్టాల ఎంతమంది ఫాలోవర్స్ ఉన్నరో వాటికి అక్కర లేదు.

బెల్టు గురించి ఇంకొక మాట. మెడ పట్టీ కాదు, ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. బండ మీద జారినప్పుడు మెడకు ఉరి పడదు, దాన్ని పట్టి పైకి ఎత్తొచ్చు కూడ. తాడు పొడవు ఆరడుగులు చాలు. మా బావ కాలిఫోర్నియాల ఉంటడు, సముద్రం పక్కన స్టేట్ పార్కులకు వాళ్ల లాబ్రడార్‌ను తీసుకపోతుంటడు. వీడియో కాల్‌లో చూపిస్తే నాకు కుళ్లు పుట్టేది, ఒక దిక్కు కొండ, ఒక దిక్కు సముద్రం. "అక్కడ ఫ్రీగా వదిలేస్తరు కదా బావా" అన్న. నవ్విండు. అక్కడ స్టేట్ పార్కుల్లో ఆరడుగుల కంటే పొడుగు తాడు ఉండొద్దంట. చాలా పార్కుల్లో క్యాంపు వేసుకునే దగ్గర, పార్కింగ్ దగ్గర ఓకే, కాలిబాటల మీద మాత్రం కుక్కలకు నో. పాయింట్ లోబోస్ అని అందమైన చోటు ఉంది, అక్కడైతే కారులో కూర్చోబెట్టి కూడ లోపలికి తీసుకపోవద్దు. మనం బయటి దేశాల్లో అంతా ఫ్రీ అనుకుంటం, వాళ్లు మన కంటే ఎక్కువ కట్టేసి ఉంచుతరు.

సముద్రం మాట వచ్చింది కాబట్టి. మనోళ్లు కుక్కలను కార్లో ఎక్కించుకొని సూర్యలంకకో, వైజాగ్‌కో పోతరు, అది కూడ అడుగుతున్నరు. పోండి, కానీ జనవరి నుంచి ఎండకాలం దాకా ఆంధ్ర తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తయి. రాత్రి ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంత తీసి వందకు అటూ ఇటూ గుడ్లు పెట్టి పోతయి. అవి పొదగడానికి నెలన్నర, రెండు నెలలు పడుతది. కుక్క ముక్కుకు ఆ గుంత దొరికిందంటే రెండు నిమిషాల పని. కాబట్టి ఆ నెలల్లో బీచ్ మీద తాడు వదలొద్దు, పొద్దు మునిగినంక అసలు పోవద్దు. ఉప్పు నీళ్లు తాగనియ్యకండి, వాంతులు, విరేచనాలు పట్టుకుంటయి. రైల్లో పోదామంటే, మామూలు స్లీపర్‌లో కుక్కను ఎక్కనియ్యరు. ఫస్ట్ ఏసీలో మొత్తం కూపే మీదే అయితే ఓకే, లేకపోతే గార్డు పెట్టెలో కుక్కల కోసం ఉన్న డబ్బాలో పెట్టాలె. ఆ డబ్బాలో ఎండకాలం ప్రయాణం గురించి ఇప్పటిదాకా చెప్పింది గుర్తు చేసుకొని మీరే నిర్ణయించుకోండి.

ఇంటికి వచ్చినంక చేసే పని ఒకటి ఉంది, పావుగంట పడుతది. దాన్ని పండబెట్టి వేళ్ల సందులు, చెవుల లోపల, చంకలు అన్నీ చెయ్యి పెట్టి చూడాలె. పల్లేరు కాయలు దిగి ఉంటయి, గడ్డి ముల్లు చెవిలోకి పోతే చీము పడుతది. పిడుదులు పట్టి ఉంటయి. పిడుదు జ్వరం మన దగ్గర కుక్కలకు చాలా మామూలు, అన్నం మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం దాకా పోతుంది. వారం పది రోజుల తర్వాత కుక్క మందంగా ఉంటే, గుట్టకు పోయొచ్చినం అని డాక్టర్‌కు తప్పక చెప్పండి. టీకాలు పూర్తిగా వేయించకుండ గుట్ట ఎక్కించొద్దు, రేబిస్ది కూడ. వానకాలం నిలవ నీళ్లు తాగితే ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టో రోగం వస్తది, దానికి కూడ టీకా ఉంది. అందుకే నేను ఇంటి నీళ్లే మోస్తున్న.

తిండి సంగతి: మీరు సర్వపిండి కట్టుకపోతే మీరే తినండి. దాంట్ల ఉల్లి, వెల్లుల్లి ఉంటయి, అవి కుక్క రక్తానికి విషం. చూసే చూపుకు కరిగిపోయి ముక్క పెట్టకండి. నేను పులికి ఉప్పు లేని కోడిగుడ్డు, కొంచెం పెరుగన్నం తీసుకపోతా. ఎక్కే ముందు కడుపు నిండా పెట్టను, దిగినంక పెడతా.

మార్చిల అట్లయినంక నేను పులిని మళ్లీ గుట్టకు తీసుకపోవద్దనే అనుకున్న. ఎనిమిది నెలలు పోలే. డాక్టర్ చూసి సరే అన్నంకనే పోయిన డిసెంబర్‌లో మళ్లీ అదే గుట్టకు పోయినం. పొద్దున ఆరు, మంచు పట్టి ఉంది. ఫోన్ అమ్మమ్మ ఇంట్లోనే పెట్టిన. సగం ఎక్కినంక ఒక బండ మీద పులి పండుకుంది, ఎండ లేదు, అలుపు లేదు, ఉట్టిగనే, చల్లగ ఉందని. నేను కూడ దాని పక్కన కూసున్న. గుట్ట పైకి పోలే. ఊర్లోకెల్లి పొగలు లేస్తున్నయి, ఎవరింట్లనో భక్తి పాటలు పెట్టిండ్రు. అరగంట కూసొని దిగినం.

కింద తాత ఉన్నడు, గొర్లను అప్పుడే విడుస్తుండు. ఆయనకు ఒక కొత్త క్యాన్ తీసుకపోయిన, ఐదు లీటర్లది. తీసుకున్నడు కానీ, "పైకి పోయినవా?" అన్నడు. "పోలే తాతా, అది పండుకుంటే ఆడ్నే ఆగినం" అన్న. తల ఊపిండు. పులి ఆయన కాళ్ల సుట్టూ తిరిగింది, గుర్తుపట్టినట్టే ఉంది. ఆయన మాత్రం ఆ పేరుతోటి పిలవనని చెప్పిండు, గుట్టల దగ్గర ఆ పేరు ఎత్తొద్దంట. "పిల్లీ, ఇటు రా" అన్నడు. ఉరికి పోయింది.

అప్పటినుంచి ఆ ఊర్ల దాని పేరు పిల్లి. సరే, గిన్నె మళ్లీ చప్పుడు చేస్తుంది, నీళ్లు పోసి వస్తా. ఉంట మరి, నమస్తే.